నేను చెక్కిన తోలు పువ్వు

రిటైరైన ప్రతి మగవాడి చేతిలోనూ ప్రభుత్వం ఒక కత్తి, ఒక కొయ్య సుత్తి, ఒక తోలు ముక్క పెట్టాలని నేను డిమాండ్ చేస్తున్నాను. పెన్షన్ కాగితాలతో పాటే ఇచ్చేస్తే ఇంకా మంచిది.

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. రిటైరైనవాళ్ల హాబీలు ఈ కాలానికి పట్టిన పీడ అని వీధి వీధినా ఫిర్యాదులే. ఒకాయన మిద్దె మీద పుట్టగొడుగులు పెంచి చుట్టుపక్కలవాళ్లందరికీ పంచుతున్నాడట, తినకపోతే అలుగుతున్నాడట. ఇంకొకాయన కీబోర్డు నేర్చుకుంటూ ఆరు నెలలుగా ఒకే పాట పల్లవి దగ్గర ఆగిపోయి, వీధినంతా అక్కడే ఆపేశాడట. ఏమండీ, ఈ ఫిర్యాదులు చేసేవాళ్లెవరు? హాబీ లేనివాళ్లు. వాళ్ల బాధ వేరు.

నాకు హాబీ ఉంది. తోలు మీద బొమ్మలు చెక్కడం. ఇంగ్లీషులో లెదర్ కార్వింగ్ అంటారు. దయచేసి మీరు కూడా ఇంగ్లీషులోనే అనండి. ఇంగ్లీషులో అంటే అది కళ. తెలుగులో అంటే మా తెనాలిలో కొన్ని ఇళ్లలో మీకిచ్చే మంచినీళ్ల గ్లాసు మారిపోతుంది.

నా గురించి రెండు ముక్కలు. బాపట్లలో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో మా బావగారింట్లో, కింద వెనక వాటాలో, నేనూ మా ఆవిడ బాలాత్రిపురసుందరీ ఉంటాం. బావగారంటే ఆవిడ అన్నగారు, వెంకటరాఘవయ్యగారు. సంస్కృత పండితులు. ముందు వాటాలో ఆయన ఉంటారు. పై వాటా ఖాళీ. అందులో ఉండే బ్యాంకాయనకి బదిలీ అయినప్పటి నుంచి గేటుకి టులెట్ బోర్డు వేలాడుతోంది.

ఆ పై వాటాని అడుగుతున్నది ఇస్సాకుగారు. ఆయన ఊరు రేపల్లె. బాపట్లలో నాతోపాటే పనిచేశారు, ఫిజిక్సు లెక్చరరు. స్టాఫ్ రూంలో పక్కపక్క కుర్చీలు మావి. ఆయన క్యారియర్‌లోంచి నేను గోంగూర పచ్చడి తినని రోజు లేదు. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ తెలియదు, మీరూ అనకండి.

ఇస్సాకుగారి భార్య సువార్తమ్మగారికి కిడ్నీలు పనిచేయడం లేదు. రోజు మార్చి రోజు తెనాలి వచ్చి డయాలసిస్ చేయించుకోవాలి. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కడం, ఇక్కడ గంటల తరబడి మిషను పక్కన పడుకోవడం, మళ్లీ రైలు. తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటారట. సీటు దొరికితే. మా ఇంటి నుంచి ఆ ఆసుపత్రి మెల్లగా నడిచినా పది నిమిషాలు.

ఇస్సాకుగారు స్వయంగా వచ్చి అడిగారు. మా బావగారు ఆయనకి లేదని చెప్పలేదు. అలా చెప్పే మనిషి కారు ఆయన. సంస్కారవంతులు.

"పై వాటా కదండీ, మెట్లెక్కాలి. ఆవిడ అవస్థ పడతారేమోనని నా బెంగ," అన్నారు.

"ఎక్కుతుందండి. స్టేషన్లో ఎక్కుతోంది గదండి," అన్నారు ఇస్సాకుగారు.

"మోటారు కూడా మాటిమాటికీ పాడవుతుందండి. నీళ్లకి కటకట."

"పట్టి పెట్టుకుంటామండి."

"సరేనండి. ఆలోచిద్దాం."

ఆయన గేటు దాటాక బావగారు నా భుజం మీద చెయ్యేసి, "ఎంత మంచి మనిషోయ్ మీ ఇస్సాకు. అలాంటివాళ్లు ఈ రోజుల్లో దొరకరు," అన్నారు. మా ఆవిడ కూడా అదే మాట అంది. ఇంటిల్లిపాదీ ఒక మనిషిని అంత మంచివాడని ఒప్పుకున్నాక ఇల్లు ఇస్తారని నేనెందుకు అనుకున్నానో నాకే తెలియదు.

ఇక తోలు దగ్గరికి వద్దాం.

ఆ వారంలోనే మా అమ్మాయి కౌముది విజయవాడ నుంచి కొరియర్లో ఒక పెట్టె పంపించింది. ఫోన్ చేసి, "నాన్నా, నువ్వు ఊరికే కూర్చుంటే అమ్మకి బీపీ పెరుగుతోంది. ఇది నేర్చుకో. వీడియో క్లాసులకి కూడా కట్టేశాను," అంది.

పెట్టెలో పలకంత తోలు ముక్క, పొట్టి కత్తి ఒకటి, కొయ్య సుత్తి, తల మీద సుత్తితో కొడితే తోలు మీద ముద్ర పడే ఇనప కడ్డీలు కొన్ని, రంగు సీసా. పైన ఇంగ్లీషులో రాసి ఉంది. చదివాను.

"ఏంటండీ అది?" అంది మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి.

"వెజిటబుల్ టాన్డ్ లెదర్. చెట్ల బెరడుతో ఊరేస్తారట."

"బెరడుతో సరే. ఊరేసింది దేన్ని?"

నేను పెట్టె మూత మూశాను. ఆవిడ వెంటనే ఆర్డర్లు పాస్ చేసింది. తోలు ఇంట్లోకి రాకూడదు. పెరట్లో బట్టలుతికే బండ దగ్గర కూర్చుని చేసుకోవాలి. ముట్టుకున్నాక స్నానం చేస్తేనే గడప లోపలికి.

ఇస్సాకుగారికి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"మా నాన్న ఆ పనే చేసేవాడండి," అన్నారు. "చెప్పులు, ఎడ్ల మెడలకి పట్టెళ్లు, చెర్నాకోలలు."

"అయితే ఇంకేం, కత్తి ఎలా పట్టుకోవాలో మీకు తెలిసే ఉంటుంది."

"తెలియదండి. దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పుస్తకం తీసుకుని అవతలకి పోయి కూర్చోమనేవాడు. తెలియకుండా పెంచాడండి మమ్మల్ని." చిన్నగా నవ్వారు. "మేం అందులోంచి బయటపడేసరికి ఒక మనిషి జీవితం అయిపోయింది. మీరేమో కొరియర్లో తెప్పించుకున్నారు."

నేను దాన్ని ప్రోత్సాహం కిందే తీసుకున్నాను.

ఇక్కడ నా దూరాలోచన గురించి ఒక మాట చెప్పాలి. ఇవాళ పెరట్లోకి వచ్చిన తోలు రేపు వరండాలోకి వస్తుంది. ఎల్లుండి హాల్లోకి వస్తుంది. ఇంట్లోవాళ్లకి కళ్లు అలవాటు పడతాయి, ముక్కులు అలవాటు పడతాయి. తోలే గడప దాటాక, తోలు ముఖం కూడా ఎరగని ఫిజిక్సు లెక్చరరు దాటడానికి ఎంతసేపు? హాబీ మనుషుల్ని కలుపుతుందని ఆ వీడియోలో కూడా చెప్పారు.

కాబట్టి నేను నా కోసం చెక్కడం మొదలుపెట్టలేదు. సువార్తమ్మగారి కోసం మొదలుపెట్టాను.

వీడియోలో పాఠం చెప్పే కుర్రాడికి పెద్ద గడ్డం, అంతకంటే పెద్ద ఓపిక ఉన్నాయి. మొదటి పాఠం పువ్వు. మూడు రేకులు, రెండు ఆకులు, ఒంపు తిరిగిన ఒక కాడ. ముందు తోలుని తడపమన్నాడు. స్పాంజి నీళ్లలో ముంచి పైపైన తుడవాలట. తోలు రంగు మారి, మళ్లీ కాస్త ఆరి, మామూలు రంగుకి వస్తుండగా గీత గీయాలట.

చెప్పండి, మన ఇళ్లలో దేన్నైనా తడపమంటే ఏం చేస్తాం? నానబెడతాం. మినప్పప్పుని స్పాంజితో తుడిచి ఎవరైనా ఇడ్లీ వేశారా? నేను తోలుని బకెట్లో వేసి, తేలకుండా పైన రాయి పెట్టి, భోంచేసి కునుకు తీశాను. లేచి బయటికి తీసేసరికి అది వానలో తడిసిన అట్టలా వేలాడుతోంది. తడి ఎక్కువైందని దండెం మీద ఎండేశాను. సాయంత్రానికి అప్పడంలా నాలుగు వైపులా లేచింది. దాన్ని మళ్లీ తడిపి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. తోలు ఓర్పు గలది. పాపం, ఏమీ అనలేదు.

కత్తి సంగతి వేరు. దాన్ని స్వివెల్ నైఫ్ అంటారు. దాని నెత్తి మీద చూపుడు వేలు ఆనించుకోవడానికి ఒక గుంట, పిడిని మిగతా వేళ్లతో అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఒంపులు వస్తాయి. ఇది చదవడానికి బాగుంటుంది. నా చెయ్యి జీవితమంతా సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద బ్యాలెన్స్ షీట్లు గీసిన చెయ్యి. దానికి అడ్డగీత, నిలువుగీత తెలుసు. ఒంపు తెలియదు. పువ్వుకి డెబిట్ వైపు ఒక రేకు పెద్దదైంది, క్రెడిట్ వైపు రేకు దానికంటే పెద్దదైంది. రెండూ సరిచేయబోతే మధ్య రేకు పోయింది. కాడ దగ్గర కత్తి జారి కిందదాకా పోయి, అక్కడ ఎడమవైపు తిరిగింది. ఎడమచేతి వేలు తెగి పువ్వు నడిమధ్య ఒక రక్తపు చుక్క పడింది.

గీత గీశాక, గీత అంచు వెంట కడ్డీ ఆనించి కొయ్య సుత్తితో కొట్టుకుంటూ పోవాలి. చుట్టూ అణిగితే బొమ్మ పైకి లేస్తుందన్నమాట. కొట్టాను. పొద్దున కొట్టాను, మధ్యాహ్నం కొట్టాను.

ఈ కొట్టుడు వల్ల కలిగిన లాభాలు అన్నీ ఇన్నీ కావు. ఇంట్లోకి వచ్చిన ప్రతిసారీ స్నానం చేయడం వల్ల జన్మలో ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉన్నాను. సబ్బు అయిపోతోందని మా ఆవిడ గొణుగుడు తప్ప ఏ రోగమూ నా దగ్గరికి రాలేదు. ఇన్సూరెన్స్ ఏజెంటు గేటు తీసి, చేతిలో కత్తి, వేలికి కట్టు, ఒంటి మీద తడి తువ్వాలుతో నిలబడ్డ నన్ను చూసి, పాలసీ మాట ఎత్తకుండానే వెళ్లిపోయాడు. పక్కింటి జగన్నాథరావుగారు ఆ చప్పుడు విని మేం రెండో అంతస్తు వేస్తున్నామనుకుని, తన గోడకి పగుళ్లు వచ్చాయని చూపించడానికి వచ్చి, చివరికి అవి పాత పగుళ్లేనని తనే ఒప్పుకున్నారు. వీధి కుక్కలు రెండు పెరటి గోడ అవతల కూర్చుని నా పనిని తదేకంగా చూసేవి. పాతికేళ్లపైన పాఠాలు చెప్పాను, అంత శ్రద్ధ నేను ఏ క్లాసులోనూ చూడలేదు.

ఇన్ని లాభాలున్న హాబీని పీడ అంటారా! అనేవాళ్ల నోటికి అడ్డేముంది.

పువ్వు పూర్తయిన రోజు మా ఆవిడ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వచ్చింది. బండ మీద ఆరుతున్న తోలుని చూసింది. బకెట్ కింద పెట్టింది. తడి చేతులతోనే దణ్ణం పెట్టింది.

"ఏమండీ, ఇదేంటి?"

"పువ్వు."

"పువ్వుకి తొండం ఉంటుందా?"

"అది కాడ, త్రిపురా."

"ఈ చెవులు?"

"రేకులు."

"నుదుట బొట్టు?"

"నా వేలు తెగింది గదా, ఆ రక్తం."

ఆవిడ నా వంక జాలిగా చూసింది. "మీకు పువ్వు చెక్కడం వచ్చా?"

"రాదు."

"మరి ఇది చెక్కింది మీరెలా అవుతారండీ?"

ఈ తర్కానికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి. నా చేతకానితనమే దేవుడున్నాడనడానికి సాక్ష్యమైపోయింది.

బావగారు కళ్లజోడు పెట్టుకుని వచ్చారు. ముట్టుకోకుండా, వంగి, చాలాసేపు చూశారు. "తొండం ఎడమవైపు తిరిగిందోయ్. గృహస్థులకి శుభం," అన్నారు. కింద కడ్డీ జారి పడ్డ గంటుని చూపించి, "ఏకదంతం. చూశావా, రెండోది విరిగింది," అన్నారు. అది పువ్వని నేను ఇంకోసారి చెప్పాను. "నువ్వు చెయ్యబోయింది పువ్వే. కాదన్నానా? వచ్చింది ఎవరో చూడు," అన్నారు.

దేవుడు వచ్చాక బట్టలుతికే బండ మీద ఉంచగలమా? నేను స్నానం చేసి వచ్చి దాన్ని తీసి వరండాలో స్టూలు మీద పెట్టాను. నన్నే పెట్టమన్నారు. తోలు కాబట్టి వాళ్లు ముట్టుకోరు, చెక్కినవాణ్ణి కాబట్టి నేను ముట్టుకోవచ్చు. కానీ వరండాలో చెప్పులు విడుస్తాం. చెప్పులకి ఎదురుగా దేవుడేమిటని మా ఆవిడ బాధపడింది. చెప్పులూ ఆయనా దగ్గరి చుట్టాలేనని నేను అనబోయి ఊరుకున్నాను. మర్నాడు దాన్ని హాల్లో, టీవీ పక్క బల్ల మీదికి మార్చాం.

గడప దాటింది! నా గుండె ఎంత తేలికపడిందో చెప్పలేను. వెంటనే రేపల్లెకి ఫోన్ చేశాను.

"కాస్త ఓపిక పట్టండి మేస్టారూ. లోపలికి వచ్చేసింది."

"ఏంటండి వచ్చింది?"

"తోలు."

"సూది పెట్టినచోట సువార్తకి చెయ్యి వాచిందండి. రాత్రంతా నిద్ర లేదు. రేపు మాట్లాడతానండి," అన్నారు.

నేను తొందరపడాలనుకున్నాను. దేవుడి గది దాకా చేరిస్తే ఇక బావగారికి అనడానికి ఏమీ మిగలదు. ఆ సాయంత్రమే కదిపాను.

"బావగారూ, హాల్లో ఎందుకు? పూజలో పెట్టుకుందాం."

ఆయన ఉలిక్కిపడ్డారు. "పూజలో తోలేమిటోయ్?"

"దేవుడన్నారు గదండీ."

"దేవుడే. తోలు మీద ఉన్నాడు."

"గుళ్లో మృదంగం తోలే గదండీ. మీ తోలు పర్సులో వేంకటేశ్వరస్వామి పటం ఉంది. సర్వీసంతా ఆయన మీదే కూర్చున్నారు."

బావగారు సంస్కృత పండితులు. వాదనలో ఓడిపోవడం ఆయనకి అలవాటు లేదు. కానీ ఆ రోజు లేచి, పర్సుని వెనక జేబులోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకుని, మళ్లీ కూర్చున్నారు. పూజ గది మాట మాత్రం ఒప్పుకోలేదు.

మరి ఏం చేయాలి? ఇంటిల్లిపాదీ హాల్లో సమావేశమయ్యాం. దేవుడు కాబట్టి చెత్తబుట్టలో వేయకూడదు. తోలు కాబట్టి పూజలో పెట్టకూడదు. హాల్లో ఉంచితే వచ్చేపోయేవాళ్లు తగులుతారు, తగిలితే వాళ్లకి మైల, ఆయనకి అపచారం. పెనుమూడి తీసుకెళ్లి కృష్ణలో నిమజ్జనం చేద్దామని మా ఆవిడ అంది. తోలు తేలుతుంది, కొట్టుకుపోయి ఎక్కడో ఒడ్డుకి చేరుతుంది, ఎవడైనా తీసుకెళ్లి చెప్పులకి అట్ట వేయించుకుంటే ఆ పాపం ఎవరికని బావగారు అడిగారు. మా ఆవిడ లెంపలు వేసుకుంది.

నేను ఆఖరి ప్రయత్నం చేశాను. "అది దేవుడు కాదండీ. నేను పాడుచేసిన పువ్వు. రేపు దాని మీద ఇంకో నాలుగు దెబ్బలు కొడితే తొండం పోతుంది."

మా ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. బావగారు మెత్తగా, "నాస్తికుడిలా మాట్లాడకోయ్. ఇంట్లో ఆడపిల్ల ఏడుస్తోంది," అన్నారు. ఆ ఆడపిల్లకి అరవై దాటాయి.

అప్పుడు బావగారి ముఖం వెలిగింది. ఆయన పైకి చూశారు. నేను దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకున్నాను. ఆయన చూస్తున్నది స్లాబుని.

"పై వాటా," అన్నారు.

ఆలోచించి చూస్తే నిజంగా అంతకంటే మంచి పరిష్కారం లేదు. పైన ఉంటే ఎవరి కాళ్లూ తగలవు. వంటింటికీ మడికీ దూరం. తోలు తోలుగానే ఉంటుంది, దేవుడు దేవుడుగానే ఉంటాడు, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది. ఆ వాటా ఎలాగూ ఖాళీ.

"బావగారూ," అన్నాను. "ఇస్సాకుగారు అడిగారు గదా."

"దేవుడు దిగాక ఇంకెవరికిస్తామోయ్? నువ్వే ఒక మాట చెప్పు. అర్థం చేసుకుంటాడు. మంచి మనిషి."

మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, నా తోలు పువ్వుని రెండు చేతులా పట్టుకుని నేనే మెట్లెక్కాను. కిటికీ ఉన్న గదిలో పీట వేసి పెట్టాను. వర్షాకాలం, తోలుకి బూజు పడుతుందని పగలూ రాత్రీ ఫ్యాను వేసి ఉంచమన్నారు. బావగారు స్టూలు వేసుకుని గేటుకున్న టులెట్ బోర్డు స్వయంగా విప్పారు.

వార్త ఎలా పాకిందో తెలియదు. పొన్నూరు నుంచి మా ఆవిడ పిన్ని కూతురు కుటుంబం కారులో వచ్చింది. సంగం జాగర్లమూడి నుంచి బావగారి పాత శిష్యులు గరిక, ఉండ్రాళ్లు పట్టుకొచ్చారు. మోకాళ్ల నొప్పులున్న పెద్ద ముత్తయిదువలు కమ్మీ పట్టుకుని, ఆగుతూ, ఆగుతూ, చివరిదాకా ఎక్కారు. మెట్లు ఎవరికీ అడ్డం రాలేదు. అంతమంది కాళ్లు కడుక్కున్నా మోటారు ఒక్కనాడు మొరాయించలేదు. చెప్పాను గదా, హాబీ వల్ల లాభాలు అన్నీ ఇన్నీ కావని.

ఇస్సాకుగారికి ఫోన్లో చెప్పలేకపోయాను. రెండుసార్లు నంబరు నొక్కి కట్ చేశాను. ఆయనే వచ్చారు. సువార్తమ్మగారిని ఆసుపత్రిలో మిషను దగ్గర పడుకోబెట్టి, పూర్తయ్యేదాకా ఖాళీ కాబట్టి ఇటు నడుచుకుంటూ వచ్చారు. గేటుకి బోర్డు లేకపోవడం చూశారు.

మా బావగారు ఎంత ఆప్యాయంగా పిలిచారో మీరు చూడాల్సింది. "రండి మేస్టారూ, రండి. పైకి రండి, చూద్దురుగాని. మా వాడి చేతిలో వెలిశాడు." ఇస్సాకుగారు చెప్పులు విడిచి, మా వెనకాలే మెట్లెక్కారు. ఇల్లు అడగడానికి వచ్చిన రోజు వరండాలోనే నిలబెట్టి మాట్లాడి పంపించాం. చూడ్డానికి కాబట్టి ఇవాళ పైదాకా రానిచ్చాం.

ఆయన తోలు ముందు నిలబడి చూశారు. దణ్ణం పెట్టలేదు, పెట్టమని ఎవరూ అనలేదు. మర్యాద తెలిసిన ఇల్లు మాది.

"ఈ వానలకి పురుగు పడుతుందేమోనని భయంగా ఉందండి," అన్నారు బావగారు. "ఏం రాస్తే నిలుస్తుంది? మీకు తెలిసుంటుంది గదా."

"నాది ఫిజిక్సండి," అన్నారు ఇస్సాకుగారు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను. బావగారికేమీ వెయ్యలేదు. "అవునవును, ఫిజిక్సు," అని మెచ్చుకోలుగా తలూపారు.

ఇస్సాకుగారు గది చుట్టూ చూశారు. కిటికీ రెక్క తీసి బయటికి చూసి, మళ్లీ వేశారు. పక్క గదిలోకి తొంగి చూశారు. స్నానాల గది తలుపు తోసి, కుళాయి తిప్పి, నీళ్లు వస్తుంటే కాసేపు చూసి, కట్టేశారు. వచ్చి ఫ్యాను కింద నిలబడ్డారు.

"గాలి బాగా వస్తోందండి," అన్నారు. "ఆవిడకి ఇక్కడ నిద్ర పట్టేది."

అంతే అన్నారు. కిందికి దిగి, చెప్పులేసుకుని, టైమవుతోందండీ అని ఆసుపత్రి వైపు వెళ్లిపోయారు. నేను వీధి మలుపుదాకా ఆయనతో నడిచాను. ఏమైనా అందామనుకున్నాను. ఆయనే, "మీ వేలు తగ్గిందా అండి?" అని అడిగారు.

పాఠక మహాశయులారా, ఇందుకే నేను ఈ హాబీని మీ అందరికీ సిఫార్సు చేస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఒక వాటా ఖాళీగా ఉందా? ఎవరో మంచి మనిషి అడుగుతున్నాడా? లేదనడానికి మీ సంస్కారం ఒప్పుకోవడం లేదా? ఇవాళే ఒక పెట్టె తెప్పించుకోండి. చెక్కడం బాగా రానక్కర్లేదు, మొదటి ప్రయత్నమే సరిపోతుంది. మెట్లెక్కిందీ, ఫ్యాను కింద పడుకుందీ, అందరి చేతా దణ్ణాలు పెట్టించుకుందీ తోలే కాబట్టి, మీరు ఎవరినీ అంటరానివాడిగా చూశారని ఎవరూ అనలేరు.

తోలుకి చోటిచ్చిన ఇల్లు తోలు పని చేసినవాడి కొడుక్కి ఇవ్వలేదు. ఈ మాట మా బావగారి ముందు అనాలని ఇప్పటికీ రోజూ ముందు వాటా గుమ్మం దాకా వెళుతున్నాను, తిరిగి వస్తున్నాను. మీ ముందు మాత్రం ధైర్యంగా అనేశాను. మీ పై వాటా సంగతి నాకు తెలియదు గదా.